చుక్క తర్వాత సున్నా

గోదావరి జిల్లాలు చూసొచ్చినవాళ్ళు పాపికొండల గురించి చెబుతారు, పూతరేకుల గురించి చెబుతారు, వంతెన మీద రైలు కిటికీలోంచి నదిలోకి చిల్లర వేశామని చెబుతారు. నేను వాటి కోసం వెళ్ళలేదు. మూడు రోజులు తిరిగి, మూడో రోజున ఒక అంకె వినడానికి వెళ్ళాను. దారిలో కనబడినవి కూడా రాస్తాను. కాకపోతే ముందే ఒక మాట. మా జంగారెడ్డిగూడెంలో ఈ రాజ్యలక్ష్మి చెప్పిందంటే సగం తీసేసి వింటారు. మా స్టీలు సామాన్ల కొట్టుకొచ్చినవాళ్ళు గిన్నె కొనకపోయినా ఒక కథ విని వెళతారు. మీరూ మీకు తోచినంత తీసేసుకోండి. అంకెల దగ్గర మాత్రం ఏమీ తీయకండి, అవి కాయితం మీద ఉన్నాయి.

నాకు రక్తంలో ఒక జబ్బుంది. పేరు పూర్తిగా పలికితే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. రెండేళ్ళ క్రితం దవడపన్ను పీకించుకుందామని వెళితే, పన్ను డాక్టరు ముందు రక్తం చూపించుకు రమ్మన్నాడు. తెల్లకణాలు పదివేలకి అటూ ఇటూ ఉండాలట. నాకు లక్షా ఎనభై వేలు. ల్యాబులో అమ్మాయి మిషను పాడైందనుకుని రెండోసారి సూది గుచ్చింది. మళ్ళీ అంతే. ఊరందరికీ కోతలు కోసే నాకు, నాకంటే పెద్ద కోతలు కోసేది ఒకటి నా ఒంట్లోనే కాపురం పెట్టిందని అప్పుడు తెలిసింది. అంతకుముందు ఆరు నెలలుగా ఎడమ డొక్కలో బరువు, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం. గ్యాసనుకుని వాము నమిలాను. అది ప్లీహం వాచడమట.

దీనికి రోజుకొక మాత్ర. బతికినన్నాళ్ళూ అనుకోండి. మాత్ర పనిచేస్తోందో లేదో చెప్పడానికి రక్తపరీక్ష, అందులో ఒక అంకె వస్తుంది. అంకె ఎంత చిన్నదైతే మనిషి అంత క్షేమం. మొదట్లో నాది యాభై దాటి ఉండేది. ఏడాది తిరిగేసరికి సున్నా చుక్క సున్నా ఆరుకి దిగింది. తర్వాత ఒక పరీక్షకి వెళ్ళాల్సింది, కొట్టు పని మీద ఎగ్గొట్టాను. ఈ కార్తీకంలో రక్తం ఇచ్చి వచ్చాను. ఫలితం మంగళవారం రాజమండ్రిలో చెబుతామన్నారు.

"ఇంకా దిగే ఉంటుంది. మొక్కులు తీర్చుకుంటూ వెళదాం," అన్నారు మా వదినగారు.

వదినగారంటే మా ఆయన అక్కగారు, వెంకటరత్నంగారు. అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయిన దగ్గర్నుంచి మా ఇంట్లోనే ఉంటారు. ఆవిడ ఉండే ఉపవాసాలన్నీ లెక్కేస్తే ఏడాదిలో తిన్న రోజులే తక్కువ తేలతాయి. ఇది కోత కాదు, ఇంచుమించు నిజం.

పెనుగొండలో పెద్ద గ్లాసు

మాది మెట్ట. చుట్టూ జీడిమామిడి తోటలు, పామాయిలు, పొగాకు కాల్చే బేరన్లు. నేల ఎర్రగా, గట్టిగా ఉంటుంది. తాడేపల్లిగూడెం దాటి కిందకి దిగితే నేలంతా ఎవరో దోసె పోసినట్టు చదునైపోతుంది. కాలవ పక్కన రోడ్డు, రోడ్డు పక్కన కాలవ, ఏది ముందు వేశారో తెలీదు. మా ఊళ్ళో నీళ్ళకి బోరు వెయ్యాలి. ఇక్కడ గునపం జారి కిందపడితే చాలు, ఊట పడుతుంది. సరే, ఇందులో కొంత తీసేసుకోండి.

పెనుగొండ వాసవీ అమ్మవారు మా కులదేవత. ఆదివారం కావడంతో సత్రం నిండా మావాళ్ళే. భోజనంలో కందా బచ్చలి కూర పెట్టారు. మా మెట్టలో కందని పులుసులోకో వేపుడుకో వాడతాం గానీ, ఇలా బచ్చలితో కలిపి ఆవ పెట్టి వండడం వీళ్ళ దగ్గరే తినాలి. మూడుసార్లు వేయించుకున్నాను. రెండేళ్ళ కిందట రెండు ముద్దలకే చెయ్యి కడుక్కున్న మనిషిని. ఆ మూడోసారి వడ్డిస్తుంటే వదినగారు నా విస్తరి వంక చూసి, కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగారు. ఆవ ఘాటన్నారు.

భోజనమయ్యాక పెద్ద గ్లాసు నిండా నీళ్ళు పెట్టుకుని నా మాత్ర తీశాను. పక్క విస్తరి దగ్గర తెనాలి నుంచి వచ్చిన ఒకావిడ ఆగలేకపోయింది.

"అంత మాత్ర దేనికమ్మా?"

"అబద్ధాలు తగ్గడానికండి," అన్నాను.

"తగ్గాయా?"

"ఇంకా డోసు సరిపోలేదండి," అన్నారు వదినగారు, నా తరఫున.

సిద్ధాంతం వంతెన మీద

పెనుగొండ నుంచి కాస్త దూరం పోగానే సిద్ధాంతం వంతెన వస్తుంది. కింద వశిష్ఠ. ఆ తర్వాత రావులపాలెం, అది దాటాక జొన్నాడ దగ్గర గౌతమి. ఒకే గోదావరి పైన ధవళేశ్వరం దాటి రెండుగా చీలి, ఒకే రోడ్డు మీద రెండుసార్లు ఎదురొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మనకి ఇందాకటి ఏరే వెంటపడి వస్తోందనిపిస్తుంది.

ఆ నీళ్ళు చూస్తుంటే డాక్టరమ్మ మొదటి రోజు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. మన ప్రతి కణంలోనూ ఇరవై మూడు జతల పోగులుంటాయట, వాటినే క్రోమోజోములంటారు. వాటిమీదే మన రాత అంతా ఉంటుంది. ఎముక మూలగలో ఒకే ఒక్క కణంలో, ఎప్పుడో ఒక క్షణంలో, తొమ్మిదో నంబరు చివరా ఇరవై రెండో నంబరు చివరా తెగి, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుందట. ఎందుకూ అంటే ఎందుకూ లేదు. పొగ తాగితే వచ్చేది కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, పిల్లలకి పోయేది కాదు. ఏ పాపమూ చెయ్యక్కర్లేదు.

నాకు మా కొట్టులో సంగతి ఒకటి తెలుసు కాబట్టి చటుక్కున అర్థమైంది. మా దగ్గర గిన్నెల మీద పేర్లు కొడతాం. ఒకసారి రెండు పెళ్ళిళ్ళ సామాన్లు ఒకే రోజు వచ్చాయి. పేర్లు కొట్టేవాడు ఒక పెళ్ళికూతురి పేరులో సగం, ఇంకో పెళ్ళికూతురి పేరులో సగం కలిపి కొట్టేశాడు. ఆ పేరుగల మనిషి లోకంలో లేదు. అయినా బిందెలూ, బకెట్లూ, చెంచాలతో సహా ఆ లేని మనిషివే అయ్యాయి. నా రక్తంలో జరిగిందదే. లోకంలో లేని పేరొకటి పుట్టి, కూర్చుని, "తయారుచెయ్యి, ఇంకా తయారుచెయ్యి" అని ఆర్డరు మీద ఆర్డరు వేసింది. మాత్ర వెళ్ళి సరిగ్గా ఆ అతుకు దగ్గర, తాళం కప్పలో విరిగిన పుల్లలాగా ఇరుక్కుంటుందట. ఆర్డరు ఆగిపోతుంది. ఒంట్లో ఇంకెవరి జోలికీ పెద్దగా పోదు. ఇది కనిపెట్టక ముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళు నాలుగైదేళ్ళు చూడడం గగనమట. ఇప్పుడు నేను కందా బచ్చలి మూడోసారి వేయించుకుంటున్నాను. నేను పుట్టి బుద్ధెరిగాక కల్పించిన కథల్లో ఒక్కటి కూడా దీని దరిదాపులకి రాదు.

రావులపాలెంలో అరటిగెలల లారీల వెనక బస్సు చాలాసేపు నిలబడిపోయింది. ఒకావిడ కిటికీ దగ్గరికి పంపరపనస తొనలు ఒలిచి తెచ్చింది, పొట్లం ముప్పై. వదినగారు కొనబోయారు. నేను పామును చూసినట్టు వెనక్కి జరిగాను.

"నాకు పంపరపనస కూడదండి. మాత్రతో కలిస్తే విషమట."

నిజానికి డాక్టరమ్మ విషం అనలేదు. ఈ జాతి పళ్ళు మాత్రని ఒంట్లో ఉండాల్సినదానికంటే ఎక్కువ చేస్తాయి, మానండి అంది. వదినగారు పొట్లం తిరిగి ఇచ్చేసి, "డాక్టరు మాటంటే నీకు వేదం," అని మెచ్చుకున్నారు. నేను గర్వంగా సర్దుకు కూర్చున్నాను. ఆ గర్వం సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

కోరుకొండ మెట్ల మీద మనిషి

సోమవారం పొద్దున్నే రాజమండ్రి రేవులో స్నానం చేసి, దొప్పలో దీపం వదిలి కోరుకొండ వెళ్ళాం. కార్తీక సోమవారం శివుడిది, నరసింహస్వామి కొండకెందుకని అడగచ్చు. వదినగారి మొక్కు. నాకు ప్లీహం వాచి మా ఇంటి అరుగు మూడు మెట్లు కూడా ఎక్కలేని రోజుల్లో, "ఇది తన కాళ్ళతో కోరుకొండ ఎక్కితే సోమవారం ఉపవాసంతో నీ దర్శనం చేసుకుంటాం స్వామీ" అనుకున్నారట.

కొండ నిటారుగా ఉంటుంది. మెట్లెన్ని అని అడక్కండి. నేను చెబితే పైకి వెళుతున్నకొద్దీ పెరుగుతాయి. వదినగారు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా నాకంటే ముందు వెళ్ళిపోయారు. నేను సగంలో కూలబడ్డాను. కింద ఊరు, పొలాలు, దూరంగా పొగమంచు. అంత ఎత్తు నా కాళ్ళతో వచ్చానా అని కాళ్ళు రెండూ తడుముకున్నాను.

పక్క మెట్టు మీద నలభై ఏళ్ళ మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. నల్లటి చేతులు, అక్కడక్కడా రంగు వెలిసినట్టు తెలుపు. కళ్ళ కింద ఉబ్బు. ఆ ఉబ్బు నాకు తెలుసు. రోజూ పొద్దున్న మా అద్దంలో కనబడుతుంది. ఈ మాత్ర తినేవాళ్ళ ముఖాన మాత్రే వేసే ముద్ర అది.

"మీరూ మంగళవారమేనా?" అన్నాను. ఆ ఆసుపత్రిలో మా జబ్బువాళ్ళని చూసేది మంగళవారాలే.

ఆయన ఉలిక్కిపడి చూసి నవ్వాడు. "ఆయ్. ఎలా పట్టేశారండీ?"

పేరు సత్తిబాబు. అంబాజీపేట వైపు మనిషి. కొబ్బరి దింపు పని. పదకొండేళ్ళుగా మాత్ర మీద ఉన్నాడు. రోజుకి నలభై చెట్లు ఎక్కి దిగుతాడట. నేను వందని చెబుదామనుకున్నాను గానీ, నలభై చాలు. జబ్బు వచ్చిందని తెలిసినప్పుడు పాడెకి వెదుళ్ళు చూసి ఉంచండని వాళ్ళ ఊళ్ళో ఒక పెద్దమనిషి అన్నాడట. ఆ మాటన్న పెద్దమనిషి చెట్లకి ఇప్పటికీ తనే దింపు తీస్తాడు.

మాట్లాడుతూనే ఆయన సంచిలోంచి ఆకు పొట్లం తీసి విప్పాడు. నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి. కార్తీక సోమవారం, దేవుడి మెట్ల మీద. పైకి వెళుతున్న ఆడవాళ్ళు తిరిగి తిరిగి చూశారు.

"ఇవాళ సోమవారమండీ," అన్నాను, తెలియక తింటున్నాడేమోనని.

"తెలుసండి." ఇడ్లీలు తిని, మాత్ర నోట్లో వేసుకుని, సీసాడు నీళ్ళూ తాగి, మూతి తుడుచుకున్నాడు. "నేనూ ఉండేవాణ్ణండి. కార్తీకం, శనివారాలు, ఏకాదశులు. ఖాళీ కడుపున మింగొద్దన్నారు కదా. అన్నం లేని రోజున మాత్ర కూడా మానేసేవాణ్ణి. మాట విన్నాననుకున్నాను."

పక్కనున్న నా సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను.

ఎందుకంటే నేను చేస్తున్నదీ సరిగ్గా అదే. మొదటి ఏడాది నీరసంగా ఉన్నానని వదినగారే నన్ను ఉపవాసాలు ఉండనివ్వలేదు. అంకె దిగింది. దిగినందుకు కృతజ్ఞతగా ఉగాది నుంచి మొదలుపెట్టాను. సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు. "తిన్నాక మింగండి, రోజూ ఒకే వేళకి మింగండి, మర్చిపోతే రెండు కలిపి మింగొద్దు" అని డాక్టరమ్మ చెప్పిన మూడు మాటలూ నాకు కంఠతా వచ్చు. తిననప్పుడు మింగకూడదు. సాయంత్రం నక్షత్రం చూశాక చేసే పలహారం భోజనం కింద రాదు, పైగా వేళ దాటింది. మర్నాడు రెండు వేసుకోకూడదు. ఇలా నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. పైగా మిగిలిన మాత్రలు పారెయ్యలేదు. ఎవరైనా లేనివాళ్ళకి ఇద్దామని ఒక స్టీలు డబ్బాలో దాచాను. ఆ డబ్బా ఈ ప్రయాణంలో నా సంచిలోనే ఉంది.

"అంకె ఏమైందండీ?" అన్నాను.

"చుక్క తర్వాత రెండు సున్నాల వాణ్ణండి. అంకె చుక్క ఇవతలకి వచ్చేసింది. మాత్రలు మానావా అంటే లేదన్నాను. ఏమని చెబుతామండీ, దేవుడి పేరు చెప్పి మానేశానని? అయితే మందే పనిచెయ్యట్లేదని మార్చేశారు. కొత్త మందు నాకు పడలేదు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. మూడు నెలలు చెట్టెక్కలేదు. అప్పుడు ఏడ్చి చెప్పాను." పొట్లం ఆకు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఇప్పుడు స్వామికి ముందే చెప్పేస్తానండి. నీ కోసం ఆకలితో ఉండలేను, మెట్లెక్కి చూపిస్తానని."

పైన స్వామి ముందు నిలబడి నేను ఏం మొక్కుకున్నానో నాకు గుర్తులేదు. వదినగారు మాత్రం గట్టిగా, "ఇది ఇన్నాళ్ళూ నాతో సమానంగా ఉపవాసాలుంది స్వామీ" అని నా తరఫున సాక్ష్యం చెప్పారు.

అల్లం పచ్చడి

కొండ దిగాక, చెప్పులు ఎక్కడో వదిలేశానని చెప్పి వదినగారిని అరుగు మీద కూర్చోబెట్టి పరుగెత్తాను. బడ్డీలో ఇడ్లీ తిని, మాత్ర మింగి, గ్లాసు తర్వాత గ్లాసు నీళ్ళు తాగి వచ్చాను. మధ్యాహ్నం ఒంటిగంట, సరిగ్గా నా వేళ. చెప్పుల కథ ఒకటి కూడా సిద్ధం చేసుకున్నాను. ఒక కుక్క ఎడమ చెప్పు ఎత్తుకుపోయిందనీ, నేను వెంటపడితే కుడిది కూడా అడిగిందనీ.

వదినగారు అంతా విన్నారు. బస్సెక్కి కూర్చున్నాక, నా కొంగు చివర పట్టుకుని చూపించారు.

"ఈ ఊళ్ళో చెప్పులకి అల్లం పచ్చడి రాసి అమ్ముతున్నారా?"

అంతే. రాజమండ్రి వరకూ మొహం కిటికీ వైపే. సత్రంలో సాయంత్రం నక్షత్రం చూశాక ఆవిడ పలహారం చేశారు, నన్ను పిలవలేదు. మొక్కు చెడిందని ఆవిడ బాధ. చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్పాలంటే ఒక్క రోజుది కాదు, ఉగాది నుంచి చెప్పాలి. అందులో ఆవిడ మెచ్చుకున్న ప్రతి సోమవారమూ ఉంది. నోరు మూసుకున్నాను.

మంగళవారం ఓపీ

పన్ను నొప్పివాళ్ళు బుగ్గ పట్టుకుని కూర్చుంటారు, కంటివాళ్ళు గుడ్డ కట్టుకుని కూర్చుంటారు. మావాళ్ళని చూస్తే ఎందుకొచ్చారో తెలీదు. ఇంజనీరింగు చదివే అమ్మాయి ఒకతె, రొయ్యల చెరువు కాపలాదారు, ఒక లెక్కల మేష్టారు, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న పాతికేళ్ళ తండ్రి, ఒక పూజారిగారు. ఊరు కలవదు, కులం కలవదు, వయసు కలవదు. అందరి కళ్ళ కింద ఒకటే ఉబ్బు. పెళ్ళివారింట్లో గోత్రాలు అడిగినట్టు ఇక్కడ అంకెలు అడుగుతారు.

"మీకెన్ని సున్నాలండీ?"

"చుక్క తర్వాత ఒకటి."

"నాకు మొన్నటికి రెండు. మేష్టారికి మూడు."

మేష్టారు సిగ్గుపడ్డారు. ఆయన చుట్టూ గౌరవంగా కాస్త ఖాళీ వదిలి కూర్చున్నారు అందరూ. పరీక్షలో మిషనుకి అసలు కనబడని వాళ్ళు కూడా ఉన్నారట. అంత సైన్యం ఉన్న రక్తంలో వెతికి వెతికి మిషను చేతులెత్తేసిందన్నమాట. మా ఊరివాళ్ళం వ్యాపారస్తులం, అంకెకి కుడివైపు సున్నా చేరితే సంతోషిస్తాం. చుక్కకీ అంకెకీ మధ్య సున్నా దూరితే పండగ చేసుకునే చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. సత్తిబాబు గుమ్మం దగ్గర నిలబడి నాకు చెయ్యెత్తి, రెండు వేళ్ళు చూపించాడు. రెండు సున్నాలు తిరిగొచ్చాయి.

నన్ను పిలిచారు. వదినగారు కూడా లోపలికి వచ్చారు, ముభావంగానే.

డాక్టరమ్మకి ముప్పై అయిదు దాటవు. కాయితం నా వైపు తిప్పింది. "రాజ్యలక్ష్మిగారూ, ఈసారి ఒకటి చుక్క ఎనిమిది వచ్చిందండి. బాగా దిగినది మళ్ళీ పైకి లేచింది. ఒక్క మాత్ర కూడా మానలేదు కదా?"

అడుగుతూనే 'మానలేదు' అని రాయడం మొదలుపెట్టేసింది. ప్రతిసారీ నేను చెప్పేది అదే. కిందటిసారి అడిగినప్పుడు, మానలేదు గానీ ఒక కోతి వచ్చి మాత్రల అట్ట ఎత్తుకుపోయి, రెండు మింగి, మర్నాడు నీరసంగా తిరిగి తెచ్చి ఇచ్చిందని కూడా చెప్పాను.

"మందు పట్టు తప్పినట్టుంది. వేరే మందుకి మారుద్దాం," అంటోంది.

"మానానండి," అన్నాను.

పెన్ను ఆగింది. నవ్వు మొహంతో తలెత్తింది. "ఈసారి కోతా, కొండముచ్చా?"

ఎంత చెప్పినా నమ్మేట్టు లేదు. నలభై ఏళ్ళుగా నేను కట్టుకున్న ఇల్లు అది, అందులోంచి నేను బయటికి రావడానికి తలుపే లేదు. అందుకని సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, మూత విప్పి, ఆవిడ బల్ల మీద బోర్లించాను. కత్తెరతో కత్తిరించిన అట్టలు, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క మాత్ర. ఆకుల కుప్పలా పడ్డాయి.

"సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు. ఉగాది నుంచి. ఖాళీ కడుపున వద్దన్నారు కదండీ. లేనివాళ్ళకి ఇద్దామని దాచాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక అట్టముక్క చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "మందు ఓడిపోయిందని మార్చేసేదాన్ని," అంది, నాతో కాదు, మాత్రతో అన్నట్టు. తర్వాత నాతో నెమ్మదిగా చెప్పింది. ఒక్క రోజు ఖాళీ దొరికినా ఆ లేని పేరుగల మనిషి లేచి కూర్చుంటుందట. ఇలా మానుతూ పోతే తాళం ఆకారం మార్చేసుకుని, ఈ మాత్రకి లొంగకుండా పోతుందట. అలా మారిందేమో చూడ్డానికి ఇంకో పరీక్షకి రక్తం తీసుకుంది. "మందు మాత్రం మార్చను. మూడు నెలలు, ఒక్క పూట తప్పకుండా వేసుకుని రండి. అప్పుడు అంకె చెబుతుంది. ఉపవాసం ఉండకండి. ఉండితీరాలంటే ఆ ముద్ద తిని, మింగి, తర్వాత ఉండండి." డబ్బాలో మాత్రలు ఎవరికీ ఇవ్వడానికి లేదని చెప్పి తన దగ్గరే ఉంచేసుకుంది. ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చింది. మూత మీద మా ఆయన కొట్టించిన నా పేరుంది, పూర్తిగా, తప్పు లేకుండా.

రోజ్ మిల్కు దుకాణం ముందు

బయటికొచ్చాం. రాజమండ్రిలో రోజ్ మిల్కు తాగకుండా వెళితే నేరమని విని రెండు గ్లాసులు చెప్పాను. గులాబీ రంగు నురగ చూస్తూ వదినగారు అడిగారు.

"నిన్న కొండ కింద తిన్నది దీనికోసమేనా?"

"అవునండి."

"నాతో చెబితే ఏం?"

"మొక్కు చెడిందంటారని."

"అనేదాన్ని," అన్నారు. నిజం మనిషి. "ఇన్ని సోమవారాలు నా పక్కన కూర్చుంటే, మనిషి బాగుపడిందని పొంగిపోయాను. నీ చేత మందు మాన్పించి పొంగిపోయాను."

"మీకు తెలీదు కదండీ."

"ఇకమీదట నీ ఉపవాసాలు కూడా నేనే ఉంటాను."

"ఒక మనిషి రెండు ఉపవాసాలు ఎలా ఉంటుందండీ?"

"నీకెందుకు? నీ పని మింగడం." గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, "ఇందులో చక్కెర ఎక్కువేశాడు," అని ఇంకొకటి తెప్పించుకున్నారు.

శివరాత్రి

తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఒంటిగంటకి మా ఇంట్లో ఒక తంతు నడుస్తోంది. విస్తరి, భోజనం, మాత్ర, పెద్ద గ్లాసు. ఆపైన వదినగారు ఎదురుగా కూర్చుని, "నోరు తెరువు," అంటారు. తెరుస్తాను. "నాలిక ఎత్తు." ఎత్తుతాను. యాభై రెండేళ్ళదాన్ని, కొట్టులో గిరాకీలు చూస్తుండగా కూడా.

రెండో పరీక్షలో తాళం మారలేదని తేలింది. మూడు నెలలకి మళ్ళీ రక్తం ఇచ్చి వచ్చాను. శివరాత్రి రోజున ఫలితం ఫోనుకి వచ్చింది. మా వీధి మొత్తం ఉపవాసం. మా ఇంట్లో మాత్రం ఒక్క పొయ్యి వెలిగింది. మంచినీళ్ళు కూడా తాగని మనిషి పప్పు వండి, కందా బచ్చలి నేర్చుకుని వండి, నాకొక్కదానికే విస్తరి వేసింది.

"అంకె వచ్చిందండీ, దిగింది," అన్నాను.

"నువ్వు చెబితే నేను నమ్మను. కాయితం తే."

ఎదురు కొట్లో ప్రింటు తీయించి తెచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, చూపుడువేలు అక్షరాల మీద జరుపుకుంటూ, చిన్నపిల్ల పలక చదివినట్టు చదివారు.

"సున్నా. చుక్క. సున్నా. తొమ్మిది." వేలు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చదివారు. మళ్ళీ అదే ఉంది. "చుక్క తర్వాత ఒకటేనా?"

"ఒకటేనండి."

కాయితం మడిచి దేవుడి గూట్లో, పటం వెనక పెట్టారు. వచ్చి నా ఎదురుగా కూర్చుని, కూర ఇంకొంచెం వేశారు.

"కానీ. వచ్చేసారికి రెండో సున్నా తీసుకురా," అన్నారు. "నోరు తెరువు."